హైబ్రిడ్ ఇన్వర్టర్లను ఎలా పోల్చాలి? రాత్రి కరెంటు పోయాక తేలే లెక్క

మూడు కొటేషన్లు తెచ్చి నా ముందు పెట్టి, "వీటిలో ఏది మంచిదండీ?" అని అడుగుతుంటారు. మూడింటి మీదా పెద్ద అక్షరాల్లో "5 కిలోవాట్ల హైబ్రిడ్" అని ఉంటుంది, అంటే సోలార్ ప్యానెళ్లనూ బ్యాటరీనీ బయటి కరెంటునూ కలిపి నడిపే ఇన్వర్టర్. అడుగున ధర ఉంటుంది. ఏది తక్కువైతే అది కొనేస్తారు, లేదంటే పక్కింటివాళ్లు ఏది పెట్టించుకున్నారో అదే పెట్టించుకుంటారు. ఆర్నెల్ల తర్వాత ఒక రాత్రి కరెంటు పోతుంది, ఇల్లంతా చీకటి. బ్యాటరీలో 80 శాతం చార్జి కనిపిస్తూనే ఉంటుంది. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది.

విశాఖలో బ్యాటరీ ఎందుకని ఎవరినీ అడగక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేకుండా ఎలా గడిపామో ఇక్కడ అందరికీ గుర్తే. డాబా మీద మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ (బ్యాటరీ లేకుండా బయటి కరెంటు లైనుతో, అంటే గ్రిడ్‌తో కలిసి నడిచేది) ఉన్నా అలాంటి రోజు అక్కరకు రాదు. లైన్ మీద పనిచేసే మనిషికి ప్రమాదం జరగకూడదు కాబట్టి గ్రిడ్ పోగానే ఆ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలన్నది నిబంధన. పైన ఎండ మండిపోతున్నా కింద ఫ్యాను తిరగదు. ఆ రోజు కోసమే మనం హైబ్రిడ్ కొంటున్నాం. పోల్చేటప్పుడు కూడా ఆ రోజునే మనసులో పెట్టుకోవాలి.

కావాల్సినవి: ఏడాది కరెంటు బిల్లులు, ఒక నోటుపుస్తకం, పెన్సిల్, పోల్చాలనుకున్న ప్రతి ఇన్వర్టర్ డేటాషీటు, దానితో ఇస్తామన్న బ్యాటరీ డేటాషీటు. బ్రోచర్ కాదు, కంపెనీ సాంకేతిక అంకెలన్నీ ఇచ్చే డేటాషీటు. అడిగితే ఇవ్వని డీలర్ కొటేషన్ పక్కన పెట్టేయండి. పట్టిక మాత్రం కాగితం మీదే గీయాలి. ఫోన్లో స్క్రీన్‌షాట్లు అటూ ఇటూ జరుపుతూ పోల్చితే ఒక దాని అంకె ఇంకోదానికి అంటుకుంటుంది.

1. ముందు ఇంటి లోడు రాయండి

కరెంటు పోయినా నడవాల్సినవి మాత్రమే రాయండి. వాటేజి వస్తువు వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. రెండు పడగ్గదుల ఇంటికి ఉదాహరణ చెబుతాను: ఐదు ఫ్యాన్లు 350 వాట్లు, లైట్లు 100, ఫ్రిజ్ 200, టీవీ 100, వైఫై 15. కలిపితే 765. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటి 1,500 అనుకుంటే మొత్తం 2,265. గీజరు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్ బ్యాకప్ లైన్లో పెట్టకూడదు. ఈ మాట మీద ఇంట్లో వాదన వస్తుంది, అయినా పెట్టకూడదు.

ప్యానెళ్లు ఎన్ని కావాలన్నది బిల్లులు చెబుతాయి. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. నెలకు 300 యూనిట్లు కాలే ఇంటికి మూడు కిలోవాట్లు సరిపోతాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా మూడు కిలోవాట్ల దగ్గర 78,000 రూపాయలతో ఆగిపోతుంది. బ్యాటరీ పెట్టుకున్నారని అది పెరగదు. పెరుగుతుందని ఎవరైనా చెబితే కాగితం మీద రాసిమ్మనండి.

2. ఏ రకం హైబ్రిడ్డో తేల్చుకోండి

బజార్లో హైబ్రిడ్ పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి గ్రిడ్‌తో కలిసి నడుస్తూ మిగిలిన కరెంటును బయటికి పంపగలిగేది. రెండోది మన పాత ఇన్వర్టర్ లాంటిదే, దానికి సోలార్ చార్జర్ తగిలించి ఉంటుంది. అది గ్రిడ్ కరెంటును తీసుకోగలదు కానీ ఇవ్వలేదు. మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ దగ్గర నెట్ మీటరింగ్ (బయటికి పంపిన కరెంటును బిల్లులో తగ్గించడం) కావాలంటే మొదటిదే ఉండాలి. డేటాషీటులో గ్రిడ్‌కు ఎగుమతి గురించి, ఐఎస్ 16169 ప్రమాణం గురించి రాసుంటే మొదటి రకం. ఏమీ లేకుండా "సోలార్ ప్రయారిటీ" అని మాత్రమే ఉంటే రెండో రకం. ధరలో తేడా చాలావరకు ఇక్కడే ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి, "ఇది చవక కదండీ" అనడం సరికాదు.

త్రీఫేజ్ సర్వీసు ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. పది కిలోవాట్ల త్రీఫేజ్ హైబ్రిడ్ అంటే ఒక్కో ఫేజ్ మీద 3.3 కిలోవాట్లే. ఒకే ఫేజ్ మీద అంతకంటే ఎక్కువ మోయగలదా అన్నది డేటాషీటులో విడిగా రాసుంటుంది.

3. ప్యానెళ్ల వైపు చూడండి

ఇక్కడ మూడు అంకెలు చాలు. ఇన్వర్టర్ తట్టుకునే గరిష్ఠ డీసీ వోల్టేజి, ఎంపీపీటీ (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ శక్తి లాగే సర్క్యూట్) పనిచేసే వోల్టేజి పరిధి, ఒక్కో ఎంపీపీటీ తీసుకోగల కరెంటు. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి సుమారు 49. ఆరు వరసగా కలిపితే 294. గరిష్ఠం 500 ఉన్న ఇన్వర్టర్‌కు ఇది హాయిగా సరిపోతుంది. చలికి వోల్టేజి పెరుగుతుంది కానీ విశాఖలో ఆ భయం తక్కువ. అదే లెక్కను లంబసింగిలో ఇంటికి దించకండి, అక్కడ శీతాకాలం తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి పోతుంది. మనకు ఉన్న ఇబ్బంది వేడి. మే నెలలో ప్యానెల్ వీపు కాలిపోతున్నప్పుడు వోల్టేజి పడి ఎంపీపీటీ పరిధి కిందికి పోవచ్చు, అందుకే నాలుగు ప్యానెళ్ల కంటే చిన్న వరస వేయొద్దు. కరెంటు విషయంలో, ఇప్పటి పెద్ద ప్యానెళ్లు 13 ఆంపియర్ల పైనే ఇస్తాయి. 11 ఆంపియర్ల పాత ఎంపీపీటీ ఉన్న మోడల్ చవగ్గా వస్తే, మిగిలిన ఎండ వృథా అయినట్టే.

4. రాత్రి, కరెంటు లేదు: అసలు ఎన్ని వాట్లు వస్తాయి?

అందరూ పొరబడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఇన్వర్టర్ మీద 5 కిలోవాట్లు అని ఉంటే, కరెంటు పోయినప్పుడు ఐదు కిలోవాట్లు వస్తాయని అనుకుంటాం. రావు. మూడు అంకెలు చూడాలి. మొదటి రెండింటిలో ఏది తక్కువో అదే మీ ఇంటికి నిలకడగా వచ్చే శక్తి అని రాసుకోవాలి.

మొదటిది బ్యాకప్ అవుట్‌పుట్. డేటాషీటులో గ్రిడ్ వైపు ఒక వరస, బ్యాకప్ లేదా ఈపీఎస్ అని ఇంకో వరస ఉంటాయి. కొన్నిటిలో రెండూ ఒకటే. కొన్నిటిలో గ్రిడ్ వైపు 5 ఉండి, బ్యాకప్ వైపు 3 మాత్రమే ఉంటుంది. బ్రోచర్లో 5 ఒక్కటే అచ్చవుతుంది.

రెండోది బ్యాటరీ ఎంత కరెంటు వదలగలదు అన్నది. ఎవరూ చూడనిది ఇదే. 51.2 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే 5.12 యూనిట్లు దాచుకునేది. దాచుకోవడం వేరు, ఒక్కసారిగా ఇవ్వడం వేరు. ట్యాంకు ఎంత పెద్దదైనా కుళాయి సన్నదైతే ధార సన్నగానే పడుతుంది. ఆ బ్యాటరీ లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) నిరంతరంగా 50 ఆంపియర్లే అనుమతిస్తే, 51.2ను 50తో గుణించండి: 2,560 వాట్లు. మార్పిడిలో కొంత పోతుంది, ఇంటికి చేరేది సుమారు 2,400. ఇన్వర్టర్ మీద 5 అని రాసుంది, మీ దగ్గరున్నది 2.4. ఇంకో బ్యాటరీ పక్కన సమాంతరంగా పెడితేనో, 100 ఆంపియర్లు వదిలేది తీసుకుంటేనో తప్ప ఆ ఐదు మీకు రాదు.

మద్దిలపాలెంలో ఒక ఇంట్లో జరిగింది ఇదే. వేరేవాళ్లు పెట్టిన సిస్టమ్, 5 కిలోవాట్ల ఇన్వర్టర్, ఒక్క బ్యాటరీ. మే నెల రాత్రి కరెంటు లేదు. ఏసీ, ఫ్రిజ్, ఫ్యాన్లు నడుస్తున్నాయి. పైన నేను రాసిన లోడే, దాదాపు 2,265 వాట్లు. అప్పటిదాకా అంతా బాగుంది. ఆ ఇంటి అమ్మగారు ఇడ్లీల్లోకి కొబ్బరి చట్నీకని మిక్సీ వేశారు. అది 750 వాట్లు. జార్‌లో కొబ్బరి ఒక చుట్టు కూడా నలగలేదు, ఇల్లంతా చీకటి. ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు, బ్యాటరీ మీద లైట్లన్నీ ఆరిపోయాయి. ఆవిడ మిక్సీ పాడైందనుకున్నారు, ఆయన బ్యాటరీ నకిలీదనుకున్నారు. రెండూ బాగానే ఉన్నాయి. బీఎంఎస్ తన హద్దు దాటనివ్వలేదు, అంతే.

ఈ తప్పు పగలు తెలియదు. కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ ఇవ్వలేనిది గ్రిడ్ కలుపుతుంది. మధ్యాహ్నం కరెంటు పోతే ప్యానెళ్లు ఆదుకుంటాయి. రాత్రి, గ్రిడ్ లేనప్పుడే అసలు అంకె బయటపడుతుంది. అందుకే పట్టికలో నేను ముందు రాసే గడి "రాత్రి వాట్లు".

మూడోది సర్జ్, అంటే మోటార్లు స్టార్టయ్యేటప్పుడు ఒక్క క్షణం లాగే ఎక్కువ శక్తి. ఒక హెచ్‌పీ మోటారు నడవడానికి 746 వాట్లే కానీ, నేరుగా స్టార్ట్ చేస్తే మొదటి క్షణం ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. డేటాషీటులో "రెండింతలు, 10 సెకన్లు" అని రాసుంటే బాగున్నట్టు. సెకన్లు రాయకుండా "రెండింతలు" అని మాత్రమే ఉంటే లెక్కలోకి తీసుకోకండి. బోరు మోటారు బ్యాకప్ మీద పెట్టాలనుకుంటే ముందే చెప్పండి. నా మాటైతే, పెట్టకండి. మధ్యాహ్నం ఎండలో ట్యాంకు నింపుకుని ఉంచుకోండి.

ఈ మూడూ అయ్యాక బ్యాటరీ, ఇన్వర్టర్ ఒకదాని మాట ఒకటి వింటాయా అన్నది చూడాలి. ఇన్వర్టర్ కంపెనీ ఇచ్చే అనుకూల బ్యాటరీల జాబితాలో మీ బ్యాటరీ మోడల్ ఉండాలి, రెండింటికీ మధ్య సమాచారం పంపుకునే క్యాన్ కేబుల్ ఉండాలి. "కేబుల్ అక్కర్లేదు సార్, వోల్టేజి సెట్ చేసేస్తాం" అంటారు. ఒప్పుకోకండి. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజి 80 శాతం నుంచి 20 శాతం దాకా దాదాపు కదలదు. వోల్టేజి చూసి చార్జి ఎంతుందో ఊహించే ఇన్వర్టర్ తప్పే చెబుతుంది.

తుఫాను ఊరివాళ్లం కాబట్టి మరో ప్రశ్న తప్పనిసరి: బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, గ్రిడ్ కూడా లేకపోతే, తెల్లారి ఎండ తగలగానే ఇన్వర్టర్ తనంతట తాను మళ్లీ లేస్తుందా? కొన్ని లేవవు. వాటికి మేల్కోవడానికి కూడా బ్యాటరీ వోల్టేజి కావాలి. హుద్‌హుద్ లాంటి రెండో రోజు ఉదయం డాబా నిండా ఎండ పెట్టుకుని చీకట్లో కూర్చోవాల్సి వస్తుంది. జవాబు మాన్యువల్లో చూపించమనండి, నోటిమాట వద్దు. లేవనిదైతే బ్యాటరీని 20 శాతం కిందికి దిగనివ్వకుండా సెట్టింగ్ పెట్టించండి.

ఒక వైరింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాకప్ లైన్లకు వేరే డీబీ (బ్రేకర్లు ఉండే పెట్టె), వేరే న్యూట్రల్ ఉండాలి. పాత ఇళ్లలో న్యూట్రళ్లన్నీ ఒకే బార్ మీద ఉంటాయి. వాటిని విడదీయకుండా కలిపేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా ఆపే స్విచ్) పదేపదే పడిపోతుంది, చివరికి ఎవరో దాన్నే పీకేస్తారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. ఈ వైరింగ్ ఖర్చు లేని కొటేషన్ చవగ్గా కనిపిస్తుంది.

5. తన తిండి తాను ఎంత తింటుంది?

డేటాషీటులో నో-లోడ్ లేదా స్టాండ్‌బై వినియోగం చూడండి. 50 వాట్లయితే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36. సామర్థ్యం 97.6 శాతమా 97.9 శాతమా అని కొట్టుకునేవాళ్లు ఈ వరస చదవరు.

బ్యాటరీ విషయంలో 48 వోల్టుల రకమే తీసుకోండి (పైన చెప్పిన 51.2 వోల్టులది కూడా ఈ రకమే). హై వోల్టేజి బ్యాటరీలకు కేబుల్ సన్నగా సరిపోతుంది, నిజమే. కానీ ఐదేళ్ల తర్వాత ఇంకో బ్యాటరీ కలపాలంటే అదే కంపెనీ, అదే మోడల్ వెతుక్కోవాలి. 48 వోల్టుల వాటిలో మనకు ఎంచుకునే వీలు ఎక్కువ. కాకపోతే ఐదు కిలోవాట్ల దగ్గర వంద ఆంపియర్లు ప్రవహిస్తాయి కాబట్టి కేబుల్ లావు విషయంలో బేరమాడకండి.

6. ఎక్కడ పెడతారో అడగండి

లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో బాల్కనీ గ్రిల్లు ఎన్నాళ్లకు తుప్పు పడుతుందో మీకు తెలుసు. ఐపీ65 ఉన్నా సరే, సముద్రం వైపు గోడకు ఇన్వర్టర్ పెట్టకూడదు. ఐపీ65 నీటిని, దుమ్మును ఆపుతుంది. ఉప్పుగాలికి బయటి స్క్రూలు, కనెక్టర్లు తినిపోకుండా ఆపదు. మెట్ల కింద, గాలి ఆడే చోట పెట్టండి. చాలా మోడళ్లు 45 డిగ్రీలు దాటితే శక్తి తగ్గించుకుంటాయి, కాబట్టి మూసిన అలమారా వద్దు.

7. చివరి గడి: సర్వీసు, పరీక్ష

వారంటీ ఎన్నేళ్లన్నది ఒక వంతు. పాడైతే విశాఖలోనే బాగుచేస్తారా, బయటి ఊరికి పంపి నెల ఆగమంటారా, ఆ నెల వేరే పీసు ఇస్తారా అన్నవి రాయించుకోండి.

ఆ తర్వాత ప్రతి డీలర్ ముందూ ఒక షరతు పెట్టండి. చివరి వాయిదా డబ్బు రాత్రి పరీక్ష అయ్యాకే. ఒప్పుకున్నవాళ్లలో ధర చూసుకోండి, ఒప్పుకోనివాళ్లను వదిలేయండి. పరీక్ష ఇలా చేయాలి: ఏడు దాటాక మెయిన్ దింపమనండి. ఏసీ, ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ వేసి, వాటికి తోడు కాసేపు మిక్సీ తిప్పండి. మిక్సీ ఆపేసి, మిగిలిన లోడు గంటసేపు అలాగే నడవనిచ్చి, బ్యాటరీ కేబుల్ చివర బిగించే లగ్గులు వేడెక్కుతున్నాయేమో పెట్టిన మనిషి చేతే థర్మామీటర్‌తో కొలిపించి, ఆ అంకె బిల్లు వెనక రాయించి సంతకం తీసుకోండి.