డెల్టాలో వేసవి బొమ్మల క్లాసు: చెట్టునీ పిట్టనీ ఉన్నదున్నట్టు గీయించడం

కోనసీమలో ఏ పిల్లాడి చేతికి కాగితం ఇచ్చినా రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, పక్కన ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు వేసి ఇస్తాడు. వాళ్ళ ఇంటి అరుగు మీద నిలబడి నాలుగు వైపులా చూసినా ఒక్క కొండ కనపడదు. కొబ్బరిచెట్టు మాత్రం చెయ్యి చాస్తే తగులుతుంది, కానీ కాగితం మీద దాని ఆకు దువ్వెనలా ఉంటుంది. వేసవి క్లాసు పెట్టేవాళ్ళు ముందు వదిలించాల్సింది ఈ అలవాటునే.

బొమ్మ చూసినవాళ్ళు ఆ మొక్కను కాలవగట్టు మీద గుర్తుపట్టగలిగితే క్లాసు ఫలించినట్టు. ఆకు పొడవెంత, ఈనెలు ఎన్ని, ఎక్కడ ఏ రోజున కోశారు అన్నవి కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఈ ప్రాంతానికి ఇది కొత్త పని కాదు. 1780ల్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో, 1793లో కలకత్తా వెళ్ళేముందు, ఇక్కడి చిత్రకారుల చేత వందల మొక్కల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల్లో పైన కొమ్మ నిండుగా, కింద పువ్వునీ కాయనీ విడదీసి భాగాలు చిన్నగా ఉంటాయి. పిల్లలు చివర్లో వేసే పెద్ద బొమ్మకు అదే అమరిక పెట్టండి.

వేళ, సరంజామా

తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలైతే పది రోజుల క్లాసు సరిపోతుంది. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించండి. ఆరుబయట పని ఎనిమిదింటికల్లా అయిపోవాలి, తర్వాతదంతా నీడలోనే. పన్నెండుమందికి ఒకరు చాలు. కాలవగట్టుకు వెళ్ళే రోజున మాత్రం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండి తీరాలి. కాలవలకు నీళ్ళు ఆపేసిన రోజుల్లో అడుగున నత్తగుల్లలు, ఆల్చిప్పలు, వాటికోసం దిగిన కొంగలు బాగా కనిపిస్తాయి. అయినా పిల్లల్ని కాలవలోకి దింపొద్దు. పైన ఎండి పగుళ్ళిచ్చిన బురద కింద మోకాలి లోతు మెత్తగా ఉంటుంది.

ఒక్కొక్కరికీ కావలసినవి: గీతలు లేని నోటుబుక్కు ఒకటి, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) ఏ4 కాగితాలు ఆరు, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్ళు, 2, 6 నంబర్ల గుండ్రటి బ్రష్షులు, పరీక్ష అట్ట, రెండు క్లిప్పులు, జామెట్రీ బాక్సులోని డివైడరు, స్కేలు. భూతద్దం ముగ్గురికి ఒకటి చాలు. నీటిరంగుల్లో ఏడు ట్యూబులు తీసుకోండి: లెమన్ యెల్లో, ఎల్లో ఓకర్, క్రిమ్సన్, అల్ట్రామెరీన్, ప్రష్యన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్. ఆకుపచ్చ ట్యూబు, నల్ల ట్యూబు కొనొద్దు. ఆకుపచ్చ దొరికిందంటే కొబ్బరాకూ గుర్రపుడెక్కా అరటాకూ అన్నీ ఒకే రంగులో వచ్చేస్తాయి. లెమన్ యెల్లోలో ప్రష్యన్ బ్లూ కొద్దిగా కలిపితే వరి ఆకుమడి పచ్చ వస్తుంది. అదే పసుపులో అల్ట్రామెరీన్, చిటికెడు బర్న్‌ట్ సియెన్నా కలిపితే ముదురు కొబ్బరాకు వస్తుంది. అల్ట్రామెరీన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే నీడలకు పనికొచ్చే బూడిద రంగు వస్తుంది.

కాగితం దగ్గర మాత్రం ఖర్చుకు వెనకాడొద్దు. పల్చటి డ్రాయింగు షీటు తడి తగలగానే ముడతలు పడుతుంది, రంగు ఆ గుంటల్లో మడుగు కడుతుంది. అది చూసి తనకు చేతకాదనుకుని పిల్ల బ్రష్షు కింద పెట్టేస్తుంది. నిజానికి తప్పు కాగితానిది.

మొదటి మూడు రోజులు రంగు వద్దు

తొలిరోజు ఒక్క ఆకే. దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయనివ్వొద్దు. అలా చేస్తే చెయ్యి కదులుతుంది గానీ కన్ను పనిచేయదు. నడిమి ఈనె ఏ వైపుకు వంగిందో ముందు ఒక్క గీతలో వేయించండి. డివైడరుతో పొడవు, అన్నిటికన్నా వెడల్పైన చోట వెడల్పు కొలిచి చుక్కలు పెట్టించండి. ఆ తర్వాతే అంచు, చివర్లో పక్క ఈనెలు. సొంత సైజులోనే వేయాలి. రెండింతలు పెంచితే పక్కన ‘×2’ అని రాయాలి.

పది నిమిషాలకే “మాస్టారూ, అయిపోయిందండి” అని ఒకడు లేస్తాడు. “నడిమి ఈనెకు అటూ ఇటూ ఈనెలు ఒకేచోట బయల్దేరాయా, మార్చి మార్చి వచ్చాయా? మళ్ళీ చూడు నాన్నా” అని అడిగి కూర్చోబెట్టండి. దాదాపు అందరూ ఎదురెదురుగానే వేస్తారు, ఎందుకంటే వాళ్ళ చేతికి అలవాటైన బొమ్మాకు అలా ఉంటుంది. అసలు ఆకులో చాలాసార్లు అలా ఉండదు.

రెండో రోజు రావాకునీ గంగరావాకునీ పక్కపక్కన పెట్టండి. రెండూ హృదయాకారమే, కానీ రావాకు కొస సన్నగా తోకలా సాగుతుంది, గంగరావికి అంత తోక ఉండదు. ఈ తేడా కాగితం మీదికి వచ్చిందంటే పిల్లలకు కన్ను తెరుచుకున్నట్టే. మూడో రోజు కాయలు, గుల్లలు: వెలుగు ఎడమవైపు పై నుంచి పడేలా కూర్చోబెట్టి, 2బీతో నీడలు మాత్రమే. కొబ్బరిమట్ట జోలికి మొత్తంగా వెళ్ళొద్దు. జానెడు ముక్క కోసి, ఆకులు ఈనెకు ఏ కోణంలో అతుక్కున్నాయో అంతవరకే వేయిస్తే చాలు.

గంగరావి పువ్వు

రంగు మొదలుపెట్టడానికి దీన్ని మించిన పువ్వు లేదు. కాలవగట్ల మీద, సముద్రం దగ్గరి ఊళ్ళలో దొరుకుతుంది. అయితే ఆగదు. పొద్దున లేత పసుపు, లోపల అడుగున ముదురు ఎరుపు మచ్చ. సాయంత్రానికి రేకులు ఎర్రబారిపోతాయి. అందుకే ఇక్కడ వరుస తిరగబడుతుంది: ముందు రంగు, తర్వాత గీత.

ఏడింటికల్లా జానెడు కొమ్మ కోయండి. విచ్చిన పువ్వు, మొగ్గ, రెండాకులు, వీలైతే కాయ ఉండాలి. సన్నమూతి సీసాలో నీళ్ళు పోసి నిలబెట్టండి. ఫ్యాను గాలి తగలకూడదు, ఊగే పువ్వును పిల్లలు గీయలేరు. కాగితం అంచున వేలిగోరంత గళ్ళు నాలుగు గీసి, రేకు పసుపు, మచ్చ ఎరుపు, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం రంగులు కలిపి నింపించండి. మచ్చకు క్రిమ్సన్‌లో కొంచెం బర్న్‌ట్ అంబర్. ఈ నాలుగు గళ్ళు ఉంటే పువ్వు వాడిపోయినా బొమ్మ ఆగదు.

ఇప్పుడు గీత. పక్కనుంచి చూస్తే పువ్వు గంటలా ఉంటుంది. గంట నడుమ నుంచి తొడిమదాకా ఒక తేలికైన గీత, నోటి దగ్గర ఒక కోలగుండ్రం. రేకులు ఐదూ ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి మెలితిరిగి ఉంటాయి. ఏది పైన, ఏది కింద అన్నది లెక్కపెట్టి మరీ వేయించండి. కింద రక్షక పత్రాలు విడివిడిగా కాక చిన్న గిన్నెలా కలిసి ఉంటాయి. చాలామంది అలవాటుకొద్దీ అక్కడ ఐదు ముక్కోణాలు వేసేస్తారు.

రబ్బరుతో గట్టిగా రుద్దితే కాగితం నూగు లేచి, అక్కడ రంగు మరకలా పట్టేస్తుంది. అద్ది తీయమనండి. మణికట్టు కింద ఎప్పుడూ ఒక చిత్తుకాగితం ఉండాలి. మే నెల ఉక్కలో చెమట, జిడ్డు అంటిన చోట నీటిరంగు పట్టదు. ఆ మచ్చ కంటికి ముందు కనపడదు, రంగు వేశాకే బయటపడుతుంది.

లెమన్ యెల్లోలో నీళ్ళు బాగా కలిపి ఒక పల్చటి పూత, వెలుగు పడ్డ చోట తెల్ల కాగితం అలాగే వదిలేయాలి. ఆరాక ఇంకొక పూత. ఎర్రమచ్చ ఆఖరున. తొందరపడితే ఎరుపు పసుపులోకి పాకి పువ్వంతా నారింజ రంగవుతుంది. ఆరిందో లేదో చూడ్డానికి చెయ్యి మడిచి వేళ్ళ వెనకభాగం కాగితానికి దగ్గరగా పెట్టండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. సముద్రపు గాలి వీచే చోట పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు, ఆలోగా మొగ్గ గీయించండి.

చివరగా ఇంకొక పువ్వును బ్లేడుతో నిలువుగా చీల్చి (ఈ పని పెద్దవాళ్ళే చేయాలి) నడుమ గొట్టంలా కలిసిన కేసరాలను భూతద్దంలో చూపించి, బొమ్మ కింద ×3 సైజులో వేయించండి.

పిట్టలు, కోరింగ

పిట్ట నిలబడదు కాబట్టి కొలత పనికిరాదు. కాలవగట్టున అరగంట, ఒక్కో బొమ్మకు అర నిమిషం, పేజీకి పది. ముక్కు నుంచి తోకదాకా ఒంటి వాలు ఒక గీత, తల ఒక గుండ్రం, ఒళ్ళు ఒక కోలగుండ్రం, అంతే. కరెంటు తీగ మీది లకుముకి పిట్ట మొదటి పాఠానికి బాగుంటుంది, చాలాసేపు కదలదు. ముక్కు మొత్తం పొడవులో దాదాపు ఐదో వంతు ఉంటుంది, పిల్లలు పిచ్చుక ముక్కంత వేస్తారు. తల నలుపు కాదు, ముదురు గోధుమ. కాళ్ళు ఒంటి బరువు కిందికి రాకపోతే పిట్ట ముందుకు పడిపోతున్నట్టుంటుంది. కొంగ కాలు వెనక్కి మడిచే చోటు మోకాలు కాదు, మడమ. ఈ ఒక్క మాట చెబితే సగం కాళ్ళు సరిపడతాయి. గట్టులో గూటి బొరియ కనిపిస్తే దగ్గరికి వెళ్ళనివ్వొద్దు.

వీలైతే ఎనిమిదో రోజు కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం. ఆటు వేళ చూసుకుని వెళ్ళాలి. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి కిందటి వారం వేళను నమ్ముకోవద్దు. పోటు మీద వెళితే బురద మీద పెన్సిళ్ళు గుచ్చినట్టు లేచిన మడచెట్ల శ్వాసవేళ్ళు నీళ్ళలో మునిగి ఉంటాయి. అక్కడ ఏదీ కోయకూడదు, చెక్కవంతెన మీద నుంచే గీయాలి. బురదలో తిరిగే చిన్న పీతల్లో ఒక డెక్క ఒంటితో పోటీపడేంత పెద్దదిగా ఉంటే అది మగది. పిల్లలు రెండు డెక్కలూ సమానంగా వేస్తారు, ఏ వైపుది పెద్దదో అడగండి. డెక్కలు కాక కాళ్ళు ఎనిమిదుండాలి.

మిగిలిన రెండు రోజులూ పెద్ద బొమ్మకే. కింద పేరు, ఊరు, తేదీ, వేళ, కొలత పెన్సిల్‌తో రాయించండి. రంగుల పళ్ళెం పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి, తడిగా మూస్తే వారంలో బూజు పడుతుంది. బొమ్మల్ని గోడకు ఆనించి ఉంచొద్దు. జూన్‌లో ముసురు పట్టేలోపు, మధ్యమధ్య తెల్లకాగితం పెట్టి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టి దాచండి. న్యూస్‌పేపరు పెడితే దాని సిరా బొమ్మకు అంటుతుంది.