కంపెనీ బోర్డులో స్వతంత్ర డైరెక్టర్ కావాలనుకునే మహిళలకు: డేటాబ్యాంక్ దరఖాస్తు విధానం

పాతిక, ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసి జనరల్ మేనేజర్ దాకానో, ప్రొఫెసర్ దాకానో వచ్చిన ఆడవాళ్లు చాలామంది "ఇక ఇంతే" అనుకుని ఆగిపోతారు. ఆ పైన కంపెనీ బోర్డు అనేది ఒకటి ఉందని వాళ్లకు తెలుసు. కానీ అక్కడికి ఎవరో పిలిస్తేనే వెళ్లాలని, ఆ పిలుపు మనలాంటి వాళ్లకు రాదని ముందే తేల్చేసుకుంటారు. పిలుపు రావాలన్నది నిజమే. అయితే పిలిచేవాళ్లు వెతికే జాబితా ఒకటి ఉంది. అందులో మీ పేరు మీరే చేర్చుకోవచ్చు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. దాని పేరు స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంక్. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ కింద, మానేసర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ (ఐఐసీఏ) దీన్ని 2019 డిసెంబరు నుంచి నడుపుతోంది.

కంపెనీలకు మహిళలు ఎందుకు కావాలో ముందు చెప్పుకుందాం. 2013 నాటి కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక మహిళ ఉండాలి. నమోదు కాని పబ్లిక్ కంపెనీ అయినా వాటాదారులు చెల్లించిన మూలధనం కనీసం 100 కోట్లు గానీ, టర్నోవర్ కనీసం 300 కోట్లు గానీ ఉంటే ఇదే నియమం. 2015లో గడువు ముంచుకొచ్చినప్పుడు చాలా కంపెనీలు ప్రమోటర్ (కంపెనీని పెట్టి తన పట్టులో ఉంచుకున్న యజమాని) భార్యనో, కూతురినో, తల్లినో బోర్డులో కూర్చోబెట్టి పని అయిందనిపించాయి. తర్వాత స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం బిగించింది. మార్కెట్ విలువ ప్రకారం మొదటి 500 కంపెనీల్లో 2019 ఏప్రిల్ నుంచి, మొదటి 1000 కంపెనీల్లో 2020 ఏప్రిల్ నుంచి కనీసం ఒక స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండి తీరాలి. స్వతంత్ర అంటే ప్రమోటర్‌తో చుట్టరికం, కంపెనీతో డబ్బు లావాదేవీ లేని మనిషి. బయటి మహిళకు నిజంగా తలుపు తీసింది ఈ రెండో నియమమే.

పెద్ద కంపెనీలే ఉన్నాయనుకోవద్దు. నమోదు కాని పబ్లిక్ కంపెనీల్లో మూలధనం కనీసం 10 కోట్లు గానీ, టర్నోవర్ కనీసం 100 కోట్లు గానీ ఉన్నా, లేదా అప్పులు 50 కోట్లు దాటినా కనీసం ఇద్దరు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలి (వాటాలన్నీ మరో కంపెనీ చేతిలో ఉన్న పూర్తి అనుబంధ కంపెనీల వంటి వాటికి మినహాయింపు ఉంది). హైదరాబాద్, విశాఖపట్నం చుట్టుపక్కల ఈ పరిమాణంలో ఫార్మా, విత్తనాలు, సముద్ర ఉత్పత్తుల కంపెనీలు చాలానే ఉన్నాయి. నా లెక్కలో మొదటి అవకాశానికి ఇవే సరైన చోటు. ముంబై కంపెనీ పిలుపు కోసం ఎదురుచూడటం కంటే ఇక్కడ మొదలుపెట్టడం మేలు.

ఎవరు చేరవచ్చు

డిగ్రీ ఇదే ఉండాలన్న షరతేమీ చట్టంలో లేదు. ఫైనాన్స్, న్యాయం, మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, పరిశోధన, సాంకేతికం ఇలా కంపెనీకి పనికొచ్చే ఒకటి రెండు రంగాల్లో నైపుణ్యం, అనుభవం ఉండాలి. నమోదైన కంపెనీలో అయితే వయసు 21 నిండాలి. మీరు పనిచేసిన కంపెనీలోనే స్వతంత్ర డైరెక్టర్ కావాలంటే మాత్రం ఉద్యోగం వదిలి మూడు ఆర్థిక సంవత్సరాలు గడవాలి. దాని మాతృ సంస్థకు, అనుబంధ సంస్థలకు కూడా ఇదే లెక్క.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు డేటాబ్యాంక్‌లో పేరు పెట్టుకోవచ్చు. కానీ ఏదైనా బోర్డులో చేరే ముందు యాజమాన్యం రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఐటీ కంపెనీల నియామక పత్రాల్లో బయటి పదవుల మీద ఒక పేరా ఉంటుంది, దాన్ని ఒకసారి బయటికి తీసి చదవండి. ప్రభుత్వ ఉద్యోగులకు సర్వీసు నిబంధనలు వర్తిస్తాయి.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న తెలుగు మహిళలు "మేం ఇక్కడుంటే ఎలా" అని అడుగుతుంటారు. బోర్డులో కనీసం ఒక్కరు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉండాలని చట్టం అంటుంది, అందరూ ఉండాలనదు. వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరైనా హాజరు కిందే లెక్క.

దరఖాస్తుకు ముందు: పేరు సంగతి

పాన్, ఆధార్, వాడుకలో ఉన్న మొబైల్ నంబరు, ఈమెయిల్, విద్యార్హతల వివరాలు, పని అనుభవం వివరాలు సిద్ధం చేసుకోవాలి. వీటన్నిటికంటే మన ఆడవాళ్లకు ఎక్కువ చిక్కు తెచ్చేది పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాన్‌లో ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు. ఒకే మనిషికి మూడు రూపాలు. డేటాబ్యాంక్ నమోదు పాన్ మీదే నడుస్తుంది. రేపు డైరెక్టర్ గుర్తింపు సంఖ్య (డిన్) తీసుకునేటప్పుడు కూడా పాన్‌లో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే ఉండాలి. తండ్రి పేరు గడిలో పెళ్లయినవాళ్లు కూడా తండ్రి పేరే రాయాలి, భర్త పేరు కాదు. తేడా ఉంటే ముందు పాన్ దిద్దించుకోండి, తర్వాతే దరఖాస్తుకు కూర్చోండి. ఈ ఒక్క పని ముందే చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

డిన్ లేదే అని ఆగాల్సిన పని లేదు. నడుస్తున్న కంపెనీలో చేరేటప్పుడు ఆ కంపెనీయే మీ కోసం డిఐఆర్-3 ఫారంతో డిన్ తీసుకుంటుంది. కంపెనీ లేకుండా ఒంటరిగా డిన్ రాదు కూడా. డేటాబ్యాంక్‌లో చేరడానికి పాన్ చాలు.

దరఖాస్తు

ఇండిపెండెంట్ డైరెక్టర్స్ డేటాబ్యాంక్ వెబ్‌సైట్ తెరిచి, కంపెనీల కోసం కాకుండా వ్యక్తుల కోసం ఉన్న నమోదును ఎంచుకోండి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్ లాగిన్ అడుగుతుంది, లేకపోతే అక్కడే కొత్తది చేసుకోవచ్చు. మొబైల్‌కూ ఈమెయిల్‌కూ ఓటీపీలు వస్తాయి. కాబట్టి ఆఫీసు ఈమెయిల్ ఇవ్వకండి. రేపు ఉద్యోగం మారితే ఖాతా చేజారుతుంది.

రుసుము ఏడాదికి 5,000, ఐదేళ్లకు 15,000, జీవితకాలానికి 25,000 రూపాయలు, వీటిపై 18 శాతం జీఎస్టీ. కట్టేముందు ఆ రోజు పోర్టల్‌లో ఉన్న మొత్తం ఒకసారి చూసుకోండి. ఐదేళ్ల చందా చాలని నా అభిప్రాయం. ఏడాదిలో పిలుపు రావడం అరుదు, జీవితకాలం అన్నది ఒక బోర్డు అనుభవం వచ్చాక ఆలోచించవచ్చు. ఏడాదికో, ఐదేళ్లకో కట్టినవాళ్లు గడువు ముగిశాక 30 రోజుల్లోగా రెన్యువల్ చేసుకోవాలి.

తర్వాత ప్రొఫైల్. చిరునామా, జాతీయత, వృత్తి, చదువు, డైరెక్టర్‌గా ఉన్న కంపెనీలు, భాగస్వామిగా ఉన్న ఎల్‌ఎల్‌పీలు (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలు), మీ మీద పెండింగ్‌లో ఉన్న కేసులు అన్నీ అడుగుతారు. కేసు ఉంటే దాచకండి, కంపెనీ ఎలాగూ ఆరా తీస్తుంది.

అనుభవం రాసే గడి దగ్గర మాత్రం తొందరపడకండి. కంపెనీలు డబ్బు కట్టి ఈ జాబితాలో వెతుకుతాయి, వాళ్లకు మీరు కనిపించేది ఆ గడిలోనే. మన ఆడవాళ్లు సరిగ్గా అక్కడే తగ్గి రాస్తారు. ఒక బ్యాంకు అధికారిణి ఇలా రాసిందనుకోండి: "బ్యాంకింగ్ రంగంలో 28 ఏళ్ల అనుభవం. జట్టుతో కలిసి పనిచేయగలను. కష్టపడే స్వభావం." ఇందులో అబద్ధం లేదు, కానీ బోర్డుకు పనికొచ్చే ముక్క కూడా లేదు. అదే మనిషి అదే ఉద్యోగాన్ని ఇలా రాయవచ్చు: "ప్రాంతీయ కార్యాలయంలో రుణ మంజూరు కమిటీకి నాలుగేళ్లు అధ్యక్షత వహించాను. ఫార్మా, స్పిన్నింగ్ మిల్లుల ఖాతాల్లో తనిఖీ నివేదికలు చదివి, రెండు పెద్ద ప్రతిపాదనలను కారణాలు రాసి తిప్పి పంపాను." రెండోది చదివినవాళ్లకు ఈవిడ బ్యాలెన్స్ షీట్ చూడగలదని, కాదని చెప్పాల్సిన చోట చెప్పగలదని తెలుస్తుంది. ఏ నిర్ణయం మీ సంతకంతో జరిగింది, ఎంత డబ్బుకు, ఎంతమందికి మీరు బాధ్యులు, ఏ తప్పును మీరు పట్టుకున్నారు, ఇవి రాయండి. "మా టీమ్ చేసింది" అని రాసే అలవాటు మంచిదే, కానీ ఈ గడిలో "నేను చేశాను" అని రాయాలి. అది గొప్పలు పోవడం కాదు. పాత యజమాని రహస్య వివరాలు, ఖాతాదారుల పేర్లు మాత్రం బయటపెట్టకండి.

పరీక్ష

జాబితాలో పేరు చేరిన నాటి నుంచి రెండేళ్లలోపు ఆన్‌లైన్ స్వయం మదింపు పరీక్ష పాసవ్వాలి. ఇంటి నుంచే, కెమెరా నిఘాలో రాస్తారు. బహుళైచ్ఛిక ప్రశ్నలు 50. మొదట్లో 60 శాతం మార్కులు కావాలనేవారు, 2020 డిసెంబరులో 50 శాతానికి తగ్గించారు. ఎన్నిసార్లు రాసినా అడ్డు లేదు. కంపెనీల చట్టం, సెక్యూరిటీల చట్టాలు, ప్రాథమిక అకౌంటెన్సీ ప్రధానంగా ఉంటాయి. చందాదారులకు పాఠాలు, నమూనా పరీక్షలు వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి.

చట్టం మీద ప్రశ్న ఏ తీరులో ఉండవచ్చో చూడండి. బోర్డులో 11 మంది డైరెక్టర్లు, సమావేశానికి ముగ్గురు వచ్చారు, కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) ఉన్నట్టా? మూడో వంతు, లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది కోరం. 11లో మూడో వంతు మూడు మీద కొంత. ఆ కొంతను పూర్తి ఒకటిగా లెక్కించాలి. కాబట్టి నలుగురు కావాలి, కోరం లేనట్టే. గణితం కష్టం కాదు, నియమం గుర్తుండాలి. సైన్స్ చదివినవాళ్లు, ఇంజినీర్లు అకౌంట్స్ అనగానే భయపడతారు. ఒక నమోదైన కంపెనీ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసుకుని, ఆడిటర్ నివేదిక, నగదు ప్రవాహ పట్టిక, సంబంధీకులతో లావాదేవీల నోట్ ఈ మూడూ నెమ్మదిగా చదవండి. పరీక్షకూ పనికొస్తుంది, ఆ తర్వాత అంతకంటే ఎక్కువగా పనికొస్తుంది.

కొందరికి పరీక్ష మినహాయింపు ఉంది. నమోదైన కంపెనీలో, లేదా 10 కోట్లకు తగ్గని మూలధనం ఉన్న పబ్లిక్ కంపెనీలో మూడేళ్లు డైరెక్టర్‌గా గానీ, కీలక నిర్వాహక పదవిలో (సీఈవో, సీఎఫ్‌వో, కంపెనీ సెక్రటరీ వంటివి) గానీ ఉన్నవాళ్లు, పదేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాదులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, కాస్ట్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు రాయనక్కర్లేదు. డేటాబ్యాంక్‌లో నమోదు మాత్రం అందరికీ తప్పదు. సొంత ప్రైవేటు కంపెనీలో డైరెక్టర్‌గా ఉన్న ఏళ్లు ఈ మూడేళ్ల కిందికి రావు.

రెండేళ్లలో పాసవ్వకపోతే పేరు తీసేస్తారు. 1,000 రూపాయలు కట్టి పునరుద్ధరణ కోరవచ్చు. అప్పుడు ఏడాది గడువు ఇస్తారు, అందులోనూ పాసవ్వకపోతే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేయాలి.

పిలుపు వచ్చాక

డేటాబ్యాంక్‌లో పేరు ఉండటం ఉద్యోగ హామీ కాదు. "పరీక్ష పాసయ్యారు కదా, బోర్డు సీటు మేం ఇప్పిస్తాం" అని డబ్బు అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. మీ రంగంలో కంపెనీ సెక్రటరీలకు, ఆడిటర్లకు మీరు సిద్ధంగా ఉన్నారని నోరు తెరిచి చెప్పండి. మహిళా డైరెక్టర్ సీటు మధ్యలో ఖాళీ అయితే తర్వాతి బోర్డు సమావేశం లోపు, లేదా మూడు నెలల్లోపు, ఏది ఆలస్యమైతే ఆ లోపు భర్తీ చేయాలి. ఆ హడావిడిలో ముందే సిద్ధంగా ఉన్న పేరుకే ఫోన్ వస్తుంది.

ఫోన్ రాగానే సరే అనకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. 2008 డిసెంబరు 16న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనడానికి ఒప్పుకుంది. ఆ బోర్డులో చాలా పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. మూడు వారాలకే, 2009 జనవరి 7న, లెక్కల మోసం బయటపడింది. మన ఊళ్లో జరిగిన ఆ పాఠం మనం మర్చిపోకూడదు. బోర్డు ప్రక్రియల ద్వారా మీకు తెలిసి, మీ సమ్మతితో జరిగినదానికి, లేదా మీరు శ్రద్ధగా వ్యవహరించక జరిగినదానికి 149వ సెక్షన్ మిమ్మల్ని బాధ్యుల్ని చేస్తుంది. "నాకు తెలియదు" అంటే ప్రతిసారీ నడవదు. కాబట్టి గత మూడేళ్ల వార్షిక నివేదికలు, ముందున్న స్వతంత్ర డైరెక్టర్లు ఎందుకు వెళ్లిపోయారన్న కారణం, డైరెక్టర్ల బాధ్యతకు బీమా ఉందా లేదా, ఇవి అడిగి తీసుకోండి. అడిగితే నొచ్చుకునే కంపెనీ మీకు తగిన చోటు కాదు.

డబ్బు గురించి అడగడానికీ మొహమాటం వద్దు. ఒక్కో సమావేశానికి హాజరైనందుకు గరిష్ఠంగా లక్ష రూపాయల దాకా సిట్టింగ్ ఫీజు ఇవ్వవచ్చు. మహిళా డైరెక్టర్లకు, స్వతంత్ర డైరెక్టర్లకు ఇచ్చే ఫీజు మిగతా డైరెక్టర్ల కంటే తక్కువ ఉండకూడదని నిబంధనల్లోనే రాసి ఉంది. స్టాక్ ఆప్షన్లు (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) మాత్రం స్వతంత్ర డైరెక్టర్లకు ఉండవు. ఒక విడత గరిష్ఠంగా ఐదేళ్లు, రెండు విడతల తర్వాత మూడేళ్ల విరామం.

ఒప్పుకున్నాక డిఐఆర్-2లో సమ్మతి, డిఐఆర్-8లో అనర్హత లేదన్న ప్రకటన, ఎంబీపీ-1లో మీ ఇతర ప్రయోజనాల వెల్లడి, వీటితో పాటు స్వతంత్రతా ప్రకటన మీరివ్వాలి. నియామక లేఖ రాతలో తీసుకోండి. కంపెనీ 30 రోజుల్లోపు డిఐఆర్-12 దాఖలు చేయాలి. ఆ గడువు దాటాక కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఆ కంపెనీ డైరెక్టర్ల జాబితా తెరిచి, మీ పేరు, హోదా, చేరిన తేదీ సరిగ్గా ఎక్కాయో లేదో మీరే చూసుకోండి. తేడా ఉంటే కంపెనీ సెక్రటరీకి ఈమెయిల్‌లోనే రాయండి.