పదవి రద్దయితే వ్యవస్థ పోయినట్టేనా: రాజకీయ మార్పును పరిశీలించే పద్ధతి

కొండ మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఉంటుంది. కరణం పదవి మాత్రం ఊరివారు, తాలూకా కచేరీ, న్యాయస్థానం దాన్ని గుర్తించినంత కాలమే ఉంటుంది. ఇటువంటి వాటి ఉనికి దేనిపై ఆధారపడుతుందో విచారించే తత్త్వశాస్త్ర శాఖ సామాజిక అస్తిత్వ మీమాంస. ఒక చట్టం నిజంగా దేన్ని మార్చిందో తేల్చుకోవడానికి ఈ విచారణను ఎలా వాడుకోవాలో గ్రామాధికారుల చరిత్ర ఆధారంగా చూద్దాం.

ముందుగా, పరిశీలించదలచిన వ్యవస్థను పేరుతో కాక పనితో రాసుకోండి. ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబు అన్నా, తెలంగాణలో పట్వారీ, పటేల్ అన్నా, వారు భూమి లెక్కలు రాసేవారు, శిస్తు వసూలు చేసేవారు; అంతకు మించి, ఫలానా చేను ఫలానావారిదన్న మాటకు సర్కారు దృష్టిలో చెల్లుబాటు కల్పించేవారు.

తర్వాత ఆ పనిని నిలబెట్టిన ఆధారాలను నియమం, దస్త్రం, అలవాటు అని విడదీసి, ఒక్కొక్కటి ఎప్పుడు తెగిందో విడివిడిగా గుర్తించండి. ఇక్కడ తొందర పనికిరాదు. గ్రామ మునసబు పదవిని వంశపారంపర్యంగా ఇవ్వడం ప్రభుత్వోద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఇచ్చే రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులోనే తీర్పు చెప్పినా, పదవులు మరో ఇరవై మూడేళ్లు కొనసాగాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా వాటిని రద్దు చేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సంతకం చేసే అధికారం ఆ విధంగా ఒక్క రోజులో పోయింది. అయితే ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉన్నదో చెప్పగల జ్ఞానాన్నీ, ఇళ్లలో ఉండిపోయిన దస్త్రాలనూ, తరాలుగా ఆ గడపకు వెళ్లడానికి అలవాటుపడిన జనం నడవడినీ ఏ ఆర్డినెన్సూ రద్దు చేయలేదు. నా అభిప్రాయంలో రాజకీయ విశ్లేషణలు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే.

రద్దయిన పదవి మరో పేరుతో తిరిగి వస్తే, ఏ అవసరం తీరకుండా మిగిలిందో అడగండి. తెలంగాణ 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను తీసివేసి, భూమి రికార్డులను ఆన్‌లైన్‌లో ఉంచే ధరణి పోర్టల్‌ను తెచ్చింది. 2025లో గ్రామ పాలన అధికారులను నియమించింది. దీన్ని పాత పట్వారీ పునరాగమనమని అనడం పొరపాటు, ఎందుకంటే వంశపారంపర్య హక్కు మళ్లీ రాలేదు. తిరిగి వచ్చింది, భూమిని కళ్లారా చూసి చెప్పే మనిషి ఊళ్లో ఉండాలన్న అవసరం.

చివరగా, కొత్త వ్యవస్థ ఎవరిని గుర్తించడం మానేసిందో వెతకండి. పాత పహాణీలో, అంటే ఊరి భూమి దస్త్రంలో, యాజమాన్య పత్రమున్న పట్టాదారుతో పాటు భూమిని అనుభవిస్తున్న అనుభవదారుకూ ఒక గడి ఉండేది; ధరణిలో అది లేకుండా పోయింది. 2018లో మొదలైన పంట పెట్టుబడి సాయం రైతుబంధు పట్టాదారుకే అందింది కాబట్టి, పొలంలో పంట పండిస్తున్న కౌలుదారు ఆ పథకం లెక్కలో రైతు కాలేదు. మీరు పరిశీలించే చట్టం విషయంలోనూ దస్త్రాన్నీ పొలాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేనివారి జాబితా రాసుకోండి. తదుపరి రాజకీయ డిమాండు చాలావరకు ఆ జాబితాలోనివారి నుంచే వస్తుంది.