పోస్టర్ వీడియోలో అక్షరాలు ఆనకపోతే

మా ఎమ్మెస్సీ పిల్లల్ని ఈసారి తమ పరిశోధనను వివరించే పోస్టర్‌తో పాటు మూడు నిమిషాల వీడియో కూడా ఇమ్మన్నారు. నల్గొండ బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద పనిచేసిన అమ్మాయి పోస్టర్ మొత్తాన్ని తెరమీద పెట్టి చదివేసింది. ఫోన్లో చూస్తే చీమలబారే. ఏ0 సైజు పోస్టర్ ఎత్తు 1189 మిల్లీమీటర్లు, దాన్ని అరచేతిలోకి కుదిస్తే ఏం కనపడుతుంది?

"సార్, ఫాంట్ పెంచనా?" అంది. వద్దన్నాను. పీడీఎఫ్‌లోంచి ఒక్క గ్రాఫ్‌నే పెద్ద ఇమేజ్‌గా తీయించి, 1920×1080 స్లైడ్ నిండా పెట్టించాను. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అక్కడ ఎర్రగీత, దాన్ని దాటిన బోర్లు ఒక్కొక్కటిగా వెలిగేలా యానిమేషన్. పద్ధతుల భాగం మొత్తం తీసేశాం. కావాలంటే పోస్టర్లో ఉందిగా!

ఆడియో ఇంకో తలనొప్పి. హాస్టల్ ఫ్యాన్ హోరులో మాట వినపడదు. ఫ్యాన్ ఆపేసి, దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో గొంతు విడిగా రికార్డు చేసి, తర్వాత స్లైడ్లకు జత చేసింది. చెమటలు కారిపోయాయట పాపం.

వీడియోను యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లే చూసేలా) పెట్టి, క్యూఆర్ కోడ్‌ను పోస్టర్ మీద కంటి ఎత్తులో అంటించాం. కింద మూలన పెడితే వంగి స్కాన్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు.