ఆవ బ్రీడింగ్ మడుల్లో ఆకు తర్వాత కాయను కూడా కొలవండి

మన ఇళ్లలో ఆవాలంటే పోపు, ఆవపిండి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ వైపు వస్తే శీతాకాలమంతా కనుచూపు మేర ఆవ చేలే. ఇక్కడ కొత్త ఆవ రకాలను తయారుచేసే బ్రీడింగ్ మడుల్లో కొత్తగా చేరే మన పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదీ: ఆకు ఎంత చురుగ్గా ఆహారం తయారుచేస్తోందో (కిరణజన్య సంయోగక్రియ) కొలిచే మిషన్ తగిలించి, వచ్చిన అంకెను బట్టి మంచి లైన్ (ఒకే వంశపు మొక్కలు) అని రాసేయకండి. గింజ నిండే వేళకు కింది ఆకులు పండి రాలిపోతాయి. పచ్చగా మిగిలేవి కాయలూ కాండమూ. గింజకు కావలసిన ఆహారంలో పెద్ద వాటా అక్కడే తయారవుతుంది.

పచ్చి కాయ ఒకటి గోటితో చీల్చి చూడండి, లోపలి గింజ కూడా పచ్చగానే ఉంటుంది. గింజలు శ్వాసించి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను అవీ, కాయ గోడా మళ్లీ పట్టుకుని వాడుకుంటాయి.

ఆకు కొలత పూతకు ముందే ముగించండి. పూత నిండితే పసుపు పూలే వెలుతురులో కొంత తిప్పికొడతాయి, కింది ఆకుకు అందేది తగ్గుతుంది. చలికాలంలో పొగమంచు ఎక్కువ కాబట్టి ఎండ తేరుకున్నాకే మొదలుపెట్టండి. ప్రధాన కాండం మీద పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకును తీసుకుని, మంచు తుడిచి, అంకె నిలకడగా ఆగాకే నోట్ చేసుకోండి. ఒక రెప్లికేషన్‌ను, అంటే అన్ని లైన్లూ ఒక్కోసారి వచ్చే మడుల సెట్టును, ఒకే పూటలో పూర్తి చేయాలి. సగం పొద్దున, సగం మధ్యాహ్నం చేస్తే మీరు కొలిచింది లైన్ల తేడా కాదు, ఎండ తేడా. మిషన్ కోసం క్యూ ఎప్పుడూ ఉంటుంది, ఆ టెన్షన్‌లో ఈ నియమం వదిలేయకండి.

కాయల సంగతికి మిషన్ లేకపోయినా ఫర్వాలేదు. కాయలు కట్టాక ప్రతి లైన్‌లో ఒకేలా ఉన్న మొక్కలు ఎంచుకుని మూడు రకాలుగా విడదీయండి: కొన్నిటి ఆకులన్నీ తుంచేయండి, కొన్నిటి ప్రధాన కాండం కాయలకు అల్యూమినియం రేకు వదులుగా చుట్టండి, కొన్నిటిని అలాగే ఉంచండి. బిగించి చుడితే కాయ వేడెక్కి కుళ్లుతుంది. పేనుబంక పట్టిన మొక్కలను లెక్కలోకి తీసుకోవద్దు. కోత తర్వాత ప్రధాన కాండం కాయల్లోని గింజలను మాత్రం విడిగా తూచండి. రేకు చుడితే బరువు బాగా పడిపోయి, ఆకులు తుంచినా పెద్దగా తగ్గని లైన్ కాయల మీద బతికే రకం. సంకరం చేయడానికి తల్లిదండ్రులుగా నేను వెతికేది వాటినే.

ఎఫ్2లో, అంటే సంకరం తర్వాత రెండో తరంలో, ఒక్కో మొక్కను ఈ కొలతలతో ఎంచుకోవడం నాకు నచ్చదు, పరిసరాల ప్రభావం అంత ఎక్కువ. ఒకే మొక్క సంతతి కుటుంబాలు కుదురుకున్నాక, ఎఫ్4 (నాలుగో తరం) నుంచి, పోల్చి చూడటానికి వరుణ లాంటి చెక్ రకాన్ని పక్కన పెట్టుకుని చూడండి.

ఇంకొకటి. పురుష వంధ్య లైన్లలో (పనికొచ్చే పుప్పొడి రాని లైన్లు) ఆకులు పాలిపోయి కనిపిస్తే నత్రజని లోపమని యూరియా చల్లకండి. ఆవకు దూరపు చుట్టమైన మోరికాండియా ఆర్వెన్సిస్ అనే మొక్క కణద్రవ్యంతో (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే భాగం) చేసిన ఆవ లైన్లకు మొదట్లో ఇదే జబ్బు: కణద్రవ్యంతో వచ్చిన పరాయి హరితరేణువులకూ (ఆకుకు పచ్చదనమిచ్చేవి) ఆవ కేంద్రకానికీ పొసగలేదు. ప్రోటోప్లాస్ట్‌లను (గోడ తీసేసిన కణాలను) కలిపి, ఆవ హరితరేణువులు తెచ్చాకే ఆకులు పచ్చబడ్డాయి. అందుకే అలాంటి వరుస కనబడితే ముందు రిజిస్టర్ తీసి, దాని కణద్రవ్యం ఎక్కడిదో చూడండి.