లినక్స్ మింట్‌లో ఎన్‌విడియా డ్రైవర్, ఆ తర్వాత తెలుగుకు అనువైన తెర

లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం బ్రౌజర్ తెరవకండి. కంపెనీ సైటుకెళ్లి ఫైల్ దించుకోవడం విండోస్‌లో మనకు అలవాటే. ఇక్కడ అలా చేస్తే కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం) అప్‌డేట్ వచ్చిన రోజు తెర నల్లబడి కూర్చోవచ్చు. మెనూలోనే డ్రైవర్ మేనేజర్ ఉంది. దాని ద్వారా పెట్టిన డ్రైవర్‌ను కెర్నల్ మారినప్పుడల్లా సిస్టమే సర్దుకుంటుంది. మా వీధి పిల్లల ల్యాప్‌టాప్‌లకు నేను ఎప్పుడూ ఇలాగే పెడతాను.

ముందు సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి మీ కార్డు ఏదో చూడండి. ఇంటెల్, ఏఎమ్‌డీ అయితే మీరు చేయాల్సిందేమీ లేదు, డ్రైవర్లు మింట్‌తోనే వచ్చేస్తాయి. ఎన్‌విడియా ఉంటే మొదట్లో నూవో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌తో నడుస్తుంది. టైపింగుకు, వీడియోలకు అది చాలు. ఆటలకు, బ్లెండర్ లాంటి 3డీ ప్రోగ్రామ్‌లకు చాలదు.

డ్రైవర్ జోలికి వెళ్లేముందు మింట్‌లోనే ఉండే బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి నకలు) తీయండి. ఇది మాత్రం మానొద్దు. తెర రాకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, టైమ్‌షిఫ్ట్‌తోనే పాత స్థితికి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు డ్రైవర్ మేనేజర్‌లో 'రికమెండెడ్' అని ఉన్నదాన్నే ఎంచుకోండి. నంబరు పెద్దది కదా అని వేరేదానికి పోకండి. జీటీఎక్స్ 660 లాంటి పాత కార్డులకు 470 సిరీసే ఆఖరు, అంతకు మించిన డ్రైవర్ వాటిని గుర్తించదు.

చాలామందికి టెన్షన్ పుట్టేది ఆ తర్వాతే. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే, ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగొచ్చు. దాన్ని కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. అది ఎర్రర్ కాదు. పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కాలి, లేదంటే మామూలుగా బూట్ అయిపోయి కొత్త డ్రైవర్ లోడ్ కాదు. 'ఎన్‌రోల్ ఎమ్‌ఓకే', 'కంటిన్యూ', 'యెస్' వరసగా ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టండి. కొడుతుంటే అక్షరాలు కనబడవు, ఆగకుండా పూర్తి చేయండి. చివర్లో 'రీబూట్'.

ఇంటెల్, ఎన్‌విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో గడియారం పక్కన చిన్న ఐకాన్ చేరుతుంది. అందులో 'ఆన్-డిమాండ్' (అవసరమైనప్పుడే ఎన్‌విడియా) పెట్టుకుంటే బ్యాటరీ నిలుస్తుంది.

డెస్క్‌టాప్ ముస్తాబులో అందరూ ముందు థీమ్‌ల మీద పడతారు. నేనైతే అక్షరాలతో మొదలుపెట్టమంటాను. తెలుగు చదవడానికి తెర అనువుగా లేకపోతే ఎంత అందమైన థీమ్ అయినా దండగే. టెక్స్ట్ ఎడిటర్‌లో 'రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి' అని కొట్టి చూడండి. ష కింద ట వత్తు, ర వత్తు దేనికది విడిగా కనబడాలి. ముద్దగా కలిసిపోతే ఫాంట్ సెలక్షన్‌లో టెక్స్ట్ స్కేలింగ్‌ను 1.1 లేదా 1.2కి పెంచండి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) వచ్చినవాళ్లు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌కి వెళ్లి తెలుగు చేర్చుకుంటే చాలు.

థీమ్‌లు, ఆప్లెట్లు (ప్యానెల్‌లో చేరే చిన్న పనిముట్లు) సిస్టమ్ సెట్టింగ్స్ నుంచే దించుకోవచ్చు. డెస్క్‌టాప్ పనితీరునే మార్చే ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఒక్కొక్కటే పెట్టి, కాసేపు వాడి చూసి, తర్వాతదానికి వెళ్లండి. ప్యానెల్ బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. సినమన్ అనే మింట్ డెస్క్‌టాప్ మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి.