ఫ్రాన్స్‌లో స్టూడెంట్ రెసిడెన్స్ కార్డు రెన్యువల్: ఏ ఆఫీసు, ఎప్పుడు, ఎలా

కార్డు గడువు దగ్గర పడగానే మనవాళ్లు కొందరు ముందు వెళ్లేది ఇంటి దగ్గరున్న మెరీకి, అంటే మునిసిపల్ ఆఫీసుకి. అక్కడ ఈ పని కాదు. పుట్టుక, పెళ్లి నమోదులు మెరీలో జరుగుతాయి. విదేశీయుల కార్డులు ఇచ్చేది ప్రిఫెక్చర్, అంటే ప్రిఫే అనే అధికారి ఆఫీసు.

ప్రిఫే అంటే మన జిల్లా కలెక్టర్ లాంటివాడనుకోండి. ఎన్నికైనవాడు కాడు, దేశాధ్యక్షుడు నియమిస్తాడు. 1800లో నెపోలియన్ పెట్టిన పదవి ఇది. దేశంలోని 101 డిపార్ట్‌మెంట్లలోనూ (ఇవి మన జిల్లాల్లాంటివి) ప్రభుత్వం తరఫున ఇలాంటి అధికారి ఉంటాడు. ఆయన కింద సబ్ కలెక్టర్ల వంటి సూ-ప్రిఫేలు. డిపార్ట్‌మెంట్ కౌన్సిల్ వేరు, మన జిల్లా పరిషత్తులా అది ఎన్నికైనది. దానికీ మీ కార్డుకీ సంబంధం లేదు.

మీది ఏ ప్రిఫెక్చరో కాలేజీని బట్టి కాదు, ఇంటి అడ్రసును బట్టి. పోస్టల్ కోడ్ మొదటి రెండు అంకెలు చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది: టూలూజ్ 31, లియోన్ 69. కాలేజీ పారిస్‌లో ఉన్నా గది 92 నంబరు డిపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ ప్రిఫెక్చర్ నాంతేర్ ఊళ్లోది. పారిస్ నగరంలోనే ఉంటే మాత్రం ఈ పని చూసేది పోలీస్ ప్రిఫెక్చర్. పేరు చూసి కంగారు పడొద్దు, కేసేమీ లేదు!

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, విదేశీయుల కోసం హోంశాఖ నడిపే 'ఆనెఫ్' పోర్టల్‌లో. గడువు ముగియడానికి నాలుగు నెలల ముందు నుంచి రెండు నెలల ముందు లోపు పెట్టాలి. పాస్‌పోర్టు, ఇప్పుడున్న కార్డు లేదా వీసా, కొత్త ఏడాది అడ్మిషన్ సర్టిఫికెట్, మార్కుల జాబితాలు, ఖర్చులకు డబ్బుందని చూపే కాగితాలు, ఫొటో కోడ్ (ఫొటో బూత్ లేదా స్టూడియో మీ డిజిటల్ ఫొటోకి ఇచ్చే నంబరు), అడ్రస్ ప్రూఫ్ కావాలి. ఎక్కువగా తిప్పలు పెట్టేది అడ్రస్ ప్రూఫే. స్నేహితుడి గదిలో ఉంటే అతను సంతకం చేసిన పత్రం, అతని గుర్తింపు కార్డు, అతని పేరున్న కరెంటు బిల్లు మూడూ జతచేయాలి. మార్కులు తగ్గినా, కోర్సు మారినా కారణం చెబుతూ ఒక ఉత్తరం పెట్టడం మంచిది. చదువు నిజంగా సాగుతోందా అన్నది వాళ్లు చూస్తారు.

సబ్మిట్ చేయగానే వచ్చే రసీదు దరఖాస్తు అందిందని మాత్రమే చెబుతుంది, దాన్ని పట్టుకుని ధీమాగా ఉండొద్దు. పరిశీలన పూర్తి కాకముందే పాత కార్డు గడువు దాటేలా ఉంటే, ఉండే హక్కును పొడిగించే పత్రం వేరే ఉంటుంది. అది మీ ఖాతాలోకి వచ్చిందేమో చూసుకుంటూ ఉండండి.

కార్డు సిద్ధమయ్యాక మెసేజ్ వస్తుంది. ఆన్‌లైన్‌లో పన్ను స్టాంపు కొని, అపాయింట్‌మెంట్ తీసుకుని, పాస్‌పోర్టుతో పాటు పాత కార్డు కూడా పట్టుకెళ్లండి. దాన్ని అక్కడ తిరిగి ఇచ్చేయాలి.